ఆరు డబ్బాలు

పదకొండేళ్లుగా ఆసుపత్రి ల్యాబులో మలపరీక్షలు చేస్తున్నా ఆమెకు ఏనాడూ అసహ్యం వేయలేదు. ఆ అసహ్యమంతా ఇంట్లో మొగుడే పడేవాడు. ఆయన బట్టల మిల్లు క్యాంటీన్‌కి మేనేజరు. అక్కడివాళ్లు చాటున ‘శుభ్రం సారు’ అనుకునేవాళ్లు. భార్య డ్యూటీ నుంచి వస్తే, స్నానం చేసేదాకా కుర్చీలో కూర్చోనిచ్చేవాడు కాదు. మీ ఆవిడ ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే “ఆసుపత్రిలో” అని మిగతా మాట మింగేసేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది. ఊరుకోగా ఊరుకోగా అదే అలవాటైపోయింది.

ఆ వారం మిల్లులో జనం వరసగా మంచాన పడ్డారు. సోమవారం నలుగురు, బుధవారానికి ముప్పై మంది. కడుపులో మెలిపెట్టే నొప్పి, జ్వరం, జిగటగా నెత్తురు విరేచనాలు. ఆసుపత్రిలో మంచాలు చాలక వరండాలో పడుకోబెట్టారు. ల్యాబు బల్ల మీద మూత సరిగ్గా పడని డబ్బాలు, అంచుల వెంట కారి ఎండిపోయినవి, కాగితంలో చుట్టినా తడి పైకి ఊరుతున్నవి.

ఆమె ఒక్కొక్కటే విప్పింది. పేగు గోడ వాచిపోతే తెల్లకణాలు అక్కడ దండు కడతాయి. అవి వదిలే ఒక ప్రోటీను మలంలోకి దిగుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో మామూలుగా యాభైలోపు ఉండే ఆ అంకె వీళ్లకి ఆరొందలు, తొమ్మిదొందలు చూపించింది. ఏ క్రిమి అన్నది తేలడానికి రెండు రోజులు పడుతుంది గానీ, పేగుల్ని కొరికేదేదో లోపల దూరిందని ఆ అంకె ముందే చెప్పేసింది. అందరూ క్యాంటీన్‌లో తిన్నవాళ్లే.

క్యాంటీన్‌లో వండి వడ్డించే ఆరుగురి నమూనాలు మర్నాడు తొమ్మిదింటికల్లా పంపమని పెద్ద డాక్టరమ్మ కబురు పెట్టింది. ఐదు నిమిషాల ముందే ఆరు డబ్బాలూ వచ్చాయి. శుభ్రంగా తుడిచి, మూతలు బిగించి, పేర్లు గుండ్రంగా రాసి ఉన్నాయి. రాత మొగుడిదే.

మొదటి దాని మూత తీస్తే ఎర్రగా ఉంది. నెత్తురేమోనని చూస్తే కాదు. రెండోదీ ఎరుపే. మూడోదీ అంతే అయ్యేసరికి ఆమె మిగతా మూడూ ఒక్కసారే విప్పింది. ఆరింటిలోనూ అదే రంగు, అదే గట్టిదనం, నమలకుండా మింగిన అవే బీట్‌రూట్ పోగులు. అంకెలు చూస్తే అన్నీ పద్దెనిమిదికీ ఇరవైకీ మధ్యే. ఆరుగురి పొట్టలు అలా కూడబలుక్కోవు.

మొన్న బీట్‌రూట్ తురిమి వండింది తనే. బాగుందని మారు వడ్డించుకుని, నమిలే ఓపిక లేక గుటుక్కుమనిపించింది ఆయన.

గడియ పెట్టిన బాత్రూములో గొంతుక్కూర్చుని, ప్లాస్టిక్ చెంచాతో తన దాన్ని ఆరు వాటాలు వేస్తున్న మొగుడు ఆమె కళ్ల ముందు కదిలాడు. ఆ చేతులతోనే ఇవాళ క్యాంటీన్ తలుపు తీసుంటాడు. ఆమె సింకు దగ్గరికి పరుగెత్తి భళ్లున కక్కేసింది. పదకొండేళ్లలో అదే మొదటిసారి.

నోరు పుక్కిలించుకుని ఫోన్ చేసింది.

“ఆరు డబ్బాల్లోనూ ఉన్నది మీదేనా?”

ఆయన గొంతు తగ్గించి అన్నాడు. “వాళ్లని ఏమని అడగమంటావు? నా వల్ల కాలేదు. నాకే రోగమూ లేదు కదా, అన్నీ బాగున్నాయని వస్తే గొడవే ఉండదనుకున్నాను. అయినా అందులోకి ఎవరైనా తొంగి చూస్తారా?”

“నేను చూస్తానండి. నా పనే అది.”

ఆమె ఫోన్ పెట్టేసి నేరుగా డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి, అవి తన భర్తవేనని చెప్పేసింది. మధ్యాహ్నం వడ్డన మొదలుకాకముందే క్యాంటీన్‌కి తాళం పడింది. కొత్త డబ్బాలు పట్టుకుని ఆమే అక్కడికి వెళ్లింది.

వంటగది అద్దంలా ఉంది. పనివాళ్ల మరుగుదొడ్డి తలుపు తోస్తే ఈగలు ఒక్కసారిగా ముఖం మీదికి లేచాయి. కొళాయి విరిగిపోయి ఉంది. బకెట్‌లో అడుగున మిగిలిన నీళ్ల మీద పచ్చటి తెట్టు. సబ్బు ఊసే లేదు. మేనేజరు గారి బాత్రూముకి మాత్రం వేరే తాళం.

తమను ఎవరూ ఏమీ అడగలేదని ఆరుగురూ అన్నారు. పిండి కలిపే పెద్దావిడ మాత్రం ఆమెను పక్కకు పిలిచి, తలొంచుకుని చెప్పింది.

“పది రోజులుగా కడుపు జారుతూనే ఉంది తల్లీ. సారుకి చెబితే, ఛీ ఛీ, నా ముందు ఆ మాటలేంటి, అవతలికి పో అన్నాడు. పోయి పిండి కలిపాను.”

పెద్దావిడ అంకె ఎనిమిది వందల నలభై. మంచాన పడ్డవాళ్లలో దొరికిన క్రిమే ఆవిడలోనూ దొరికింది. మందు ఎక్కించాక, ఆ ముప్పై మందీ ఒక్కొక్కరే లేచారు. సాంచాల మీద బట్ట నేసే ఒక ముసలాయన మాత్రం చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు బయటపడ్డాడు.

మొగుడి ఉద్యోగం ఊడింది. కట్టుకున్నదే కొంపముంచిందని ఇంటికొచ్చిన ప్రతివాళ్లతో చెప్పుకున్నాడు. భోజనాల దగ్గర ఆయన వేళ్లు మెతుకుల్లో కదులుతుంటే ఆమె చూడలేక లేచి పక్క గదిలోకి వెళ్లిపోయేది.

మూడు వారాలకు పెద్దావిడ మళ్లీ పరీక్షకు డబ్బా ఇచ్చి, రెండు రోజులాగి ఫలితం కోసం వచ్చింది. అంకె ముప్పై రెండుకు దిగింది, కల్చర్‌లో పెంచి చూసినా క్రిమి జాడ లేదు.

“అంటే మంచిదేనా?”

“మంచిదే పెద్దమ్మా. రేపట్నుంచి పనిలోకి వెళ్లు.”

కొత్త మేనేజరు కొళాయి వేయించాడని పెద్దావిడ చెప్పింది. ఆమె తలూపి, చేతి తొడుగులు మార్చుకుని, వరసలో ఉన్న మరో డబ్బా మూత తీసింది.