కళ్ళు మూసిన ఫోటో

ఫోటో స్టూడియోలో కంప్యూటర్ ముందున్న కుర్చీ ఇంటి పెద్దకోడలిది. దానికో చెయ్యి విరిగింది, అటూ ఇటూ తిరిగితే మూలుగుతుంది, అయినా అది సింహాసనమే. ఎందుకంటే స్టూడియోకీ వంటింటికీ మధ్య ఒక తలుపుంది. అది వేసుకుంటే అత్తగారి నోరు ఇవతలికి రాదు.

పెళ్ళైన కొత్తలో పెద్దకోడలు ఆ వంటింట్లోనే ఉండేది. కూరలో ఉప్పు ఎక్కువైతే పుట్టింటి పెంపకం, తక్కువైతే పుట్టింటి పిసినారితనం. సరిగ్గా పడిన రోజున అత్తగారికి ఒంట్లో బాగోలేదని లెక్క. మామగారికి టైపు చేసే మనిషి కావలసివచ్చి ఒకరోజు ఆవిణ్ణి పిలిచారు. ఆ వచ్చిన మనిషి మళ్ళీ వెనక్కి వెళ్ళలేదు.

మామగారు బళ్ళకు వెళ్ళి పిల్లల గుర్తింపు కార్డులకి ఫోటోలు తీసుకొస్తారు. కెమెరా వాటికి ఏవో అక్షరాలూ అంకెలూ తగిలిస్తుంది. ఆ పేరు చూసి ఏ పిల్ల ఎవరో కన్నతల్లి కూడా చెప్పలేదు. పెద్దకోడలు బడివాళ్ళు పంపిన హాజరుపట్టీ ఫైలు పక్కన తెరిచి పెట్టుకుని, ఒక్కో ఫోటోకీ ఒక్కో పేరు, ఒంటివేలితో కొట్టేది. అంతకుముందు చేయాల్సిన పని ఇంకొకటి. కళ్ళు మూసుకున్న పిల్లకి మామగారు రెండోసారి తీస్తారు కాబట్టి మొదటిది తీసేయాలి. ఆ రోజు బడికి రాని పిల్ల పేరు పట్టీలోంచి కొట్టేయాలి. అప్పుడే ఫోటోల వరసా పేర్ల వరసా కలిసి నడుస్తాయి. ఈ పని ఆవిడ ఎవరికీ చెప్పకుండా చేసేది. చెప్పాల్సినంత గొప్ప పని కాదనుకుంది.

చిన్నకోడలు కాపురానికొచ్చిన కొత్తలోనే ఒకరోజు మామగారికి కాఫీ తెచ్చి, వెనక నిలబడి కాసేపు చూసింది.

"అక్కా, ఇదంతా ఒక్కొక్కటీ కొడుతున్నారా?"

"మరి గంపగుత్తగా కొడతారా?"

"కొట్టచ్చు," అంది చిన్నది. గిన్నెలు తోమి నానిన వేళ్ళతో నోట్‌ప్యాడ్‌లో నాలుగు వరసలు రాసింది, ఫోటోలన్నిటికీ వరసగా పేర్లు పెట్టేసే బ్యాచ్ ఫైలంటారు దాన్ని. పేర్ల పట్టీ పక్కన పెట్టి దానిమీద రెండుసార్లు నొక్కింది. నల్లటి కిటికీ ఒకటి తెరుచుకుని మూసుకుంది. పెద్దావిడ రెండు పూటల పని అయిపోయింది. కాఫీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది.

మామగారు చాలాసేపు నవ్వారు. "ఇన్నేళ్ళూ నేను నత్తకి కుర్చీ వేసి కూర్చోబెట్టానా," అన్నారు. అప్పట్నించీ ఆవిడ పేరు నత్తమ్మ. ప్రింట్లు వేసే ఆవిడ మొగుడు కూడా నవ్వాడు. మొగుడు నవ్వడం ఆవిడకి గుర్తుండిపోయింది.

"రేపు ఆడపిల్లల బడి ఆర్డరుంది," అన్నారు మామగారు. "అది చిన్నమ్మాయి చేస్తుంది. బాగా వస్తే ఇకనించి కుర్చీ తనదే. నత్తమ్మా, నువ్వు మీ అత్తయ్యకి సాయంగా ఉందువుగాని."

తలుపు అవతల అత్తగారు గొంతు సవరించుకోవడం వినిపించింది.

మర్నాడు చిన్నది కుర్చీ అంచున, ఎవరిదో సామాను అరువు తెచ్చుకున్నట్టు కూర్చుంది. "అక్కా, ఫోటోల్లో తీసేయాల్సినవేమైనా ఉన్నాయా?" అని అడిగింది. అడగాలని తోచినందుకు పెద్దావిడ లోలోపల మెచ్చుకుంది కూడా.

"అన్నీ తీసేశాను. నువ్వు నొక్కు," అంది.

తీసేయలేదు. మొదట్లోనే ఒక పిల్ల రెప్పలు వాల్చేసి, నోరు సగం తెరిచి ఉంది. ఆ ఫోటో ఉంది, తర్వాత కళ్ళు తెరిచిందీ ఉంది. పట్టీ చివర్లో జ్వరమని రాని పిల్ల పేరూ ఉంది. ఎక్కువైన ఫోటో ఒకటి, ఎక్కువైన పేరు ఒకటి.

చిన్నది ఫోటోలెన్నో పేర్లెన్నో లెక్కపెట్టుకుని, "సరిపోయిందక్కా," అని సంతోషంగా నొక్కింది.

రెప్పలు వాల్చిన పిల్ల తర్వాత్నించి, ప్రతి పిల్లకీ పట్టీలో తన ముందున్న పిల్ల మొహం వచ్చింది. అందరూ ఆడపిల్లలే, అందరికీ రెండు జడలే. ఇంట్లో పోల్చుకోగలిగినవాళ్ళు లేరు. కార్డులు అచ్చయి, తాళ్ళు కట్టించుకుని బడికి వెళ్ళాయి.

వెళ్ళిన మర్నాడే హెడ్‌మిస్ట్రెస్ కార్డుల సంచీ పట్టుకుని స్వయంగా వచ్చారు.

"ఒక పిల్లకి బుగ్గమీద కాలిన మచ్చ ఉందండీ," అన్నారు మామగారితో. "దాని మొహం పక్కపిల్ల కార్డులో పడింది. ఈ మొహం మెడలో వేసుకుని తిరగనని క్లాసంతా వినేలా ఏడ్చింది ఆ పక్కపిల్ల. మచ్చ ఉన్న పిల్ల అదే బల్లమీద కూర్చుని ఉంది. ఇవాళ బడికి రాలేదు. ఏమని కబురు పెట్టను?"

పెద్దకోడలు అయ్యో పాపం అనుకుంది, నిజంగానే. అంతలో మామగారి మొహం మెల్లగా చిన్నకోడలి వైపు తిరిగింది. అది చూడటంలో పడి మచ్చ ఉన్న పిల్ల సంగతి మర్చిపోయింది.

"నల్ల కిటికీ," అన్నారు మామగారు. "లే ఆ కుర్చీలోంచి."

"మామయ్యా, ఒక్క ఫోటో ఎక్కువుంది, అంతే. అది తీసేసి, రాని పిల్ల పేరు కొట్టేసి, మళ్ళీ నడిపితే నిమిషంలో..."

"నీ నిమిషం చూశాం కదమ్మా. పరువు పోయి కూర్చున్నాం. నత్తమ్మా, నువ్వు రా. నీ వేలే మాకు చాలు."

చిన్నది లేచింది. పెద్దావిడ కూర్చుంది, కుర్చీ మూలిగింది. మళ్ళీ మొదట్నించీ ఒక్కొక్క పేరూ కొడుతుంటే, చిన్నది గోడకానుకుని, సాయం చేసే చేతులు వెనక్కి కట్టుకుని చూస్తూ నిలబడింది. మామగారు బయటికి వెళ్ళాక దగ్గరికొచ్చి మెల్లగా అంది.

"అన్నీ తీసేశానన్నారు కదక్కా."

"అన్నాను."

"నేను మామయ్యకి చెప్తే?"

"చెప్పు. అక్కమీద చాడీలు చెప్పే కోడలని కూడా పేరొస్తుంది. అత్తయ్యకి అలాంటివి వంట చేస్తూ మాట్లాడుకోవడానికి బాగుంటాయి."

చిన్నదాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెద్దావిడ టైపు చేయడం ఆపి, పక్కనున్న స్టూలు లాగింది. గొంతు మెత్తగా చేసింది.

"కూర్చో. ఆ నాలుగు వరసలూ ఎలా రాశావో నాకోసారి చూపించు. మామయ్య కోపం చల్లారాక నేనే చెప్తాను, చిన్నది తెలివైందీ, ఏదో పొరపాటు జరిగిందీ అని. ఇద్దరం చెరోపూటా చేసుకుందాం."

చిన్నది కళ్ళు తుడుచుకుంది. కూర్చుని ఓపిగ్గా చూపించింది. ఏ గుర్తు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ ఖాళీ వదలకూడదో, ముందు నకలు తీసుకుని దానిమీదే ఎందుకు నడపాలో అన్నీ చెప్పింది. పెద్దావిడ చురుకైన విద్యార్థి. రెండోసారికే సొంతంగా రాసేసింది.

మామగారి కోపం చల్లారింది. పెద్దకోడలు ఏమీ చెప్పలేదు.

ఇప్పుడు ఆర్డరు రాగానే ఆవిడ తలుపు వేసుకుంటుంది. కళ్ళు మూసినవి తీసేస్తుంది, రానివాళ్ళ పేర్లు కొట్టేస్తుంది, రెండుసార్లు నొక్కుతుంది. తర్వాత కాళ్ళు చాపుకుని వారపత్రిక తెరుస్తుంది. చదువుతూనే ఒంటివేలితో ఉత్త కాగితం మీద ఏదో ఒకటి కొడుతూ ఉంటుంది, టక్, టక్, టక్, సాయంత్రం దాకా.

"పాపం నత్తమ్మ, ఎంత ఓపికో," అంటారు మామగారు.

తలుపు అవతల అత్తగారు ఉప్పు గురించి మాట్లాడుతున్నారు. చిన్నకోడలు ఉల్లిపాయలు తరుగుతూ ఆ టక్ టక్ వింటుంది. ఆ పనికి అన్ని టక్కులు అక్కర్లేదని ఆ ఇంట్లో తెలిసిన రెండో మనిషి తనే.