చప్పుడు చెయ్యని కోటు

కియోహారు పోయిన రోజు పొద్దుటి నుంచీ వాన. జపాన్‌లోని ఒవాసె కొండల్లో వాన ఎవరికీ కొత్త కాదు. అక్కడ అడవిపందుల వేట ఆగాలంటే వాన చాలదు, తుఫాను రావాలి. ఆ ఆదివారం కూడా జట్టులోని ఐదుగురూ దేవదారు తోటల కింద ట్రక్కులు నిలిపి, నిలబడే వేడి టీ తాగారు.

కియోహారు కొత్త వానకోటు తొడుక్కుని దిగాడు. ముదురు ఆకుపచ్చ రంగు, పైన మెత్తటి నూగు. అతని పాత కోటు బిరుసు ప్లాస్టిక్‌ది. చెయ్యి కదిపితే చాలు, గరగరలాడేది.

"పాపం పందులు," అన్నాడు జట్టు పెద్ద తోకుజి. "రోజూ నీ కోటు చెప్పే వార్తలు విని దారి మార్చుకునేవి. ఇవాళ వాటికి రేడియో లేదు."

"మా వదిన గురకతో పోలిస్తే నా పాత కోటే నయం అన్నా," అన్నాడు కియోహారు.

తోకుజి నవ్వుతూ తుపాకీ భుజాన వేసుకుని ముందు కొండెక్కాడు.

ఆ కోటు కొన్నది కియోహారు భార్య సుగాయె. ఆమె కూడా జట్టు మనిషే. కుక్కల్ని వదిలి, వాటి వెనక పొదల్లో దూరి, పందిని పైకి తరమడం ఆమె పని. తరిమేవాళ్ల కోటు ముళ్లకు చిరక్కపోతే చాలు, ఎంత చప్పుడు చేసినా ఫరవాలేదు. కియోహారులా పైన తుపాకీతో పొంచి కూర్చుని కాపు కాసేవాడి కోటు అలా కాదు. గంటల తరబడి కదలకుండా కూర్చున్నా లోపల తడవకూడదు. తుపాకీ ఎత్తేటప్పుడు సవ్వడి రాకూడదు. అందుకే ఆమె పట్నం దుకాణంలో ఉన్న కోట్లన్నీ తీయించి, ఒక్కొక్క కోటు చేతుల్ని ఒకదానికొకటి రాసి, చెవి దగ్గర పెట్టుకుని విన్నది. నారింజ రంగులో మెత్తటిది ఒకటి ఉంది గాని, కియోహారుకు మరీ వదులు. ఆకుపచ్చది కొలిచి కుట్టినట్టు సరిపోతుంది.

"నారింజ చొక్కా దీని పైన వేసుకోమని చెప్పండి," అన్నాడు దుకాణదారు.

"ముప్పై ఏళ్ల నుంచి వేటాడుతున్న మనిషండీ," అన్నది సుగాయె.

వేటగాళ్లు ఒకరినొకరు పోల్చుకోవడానికి వేసుకునే చేతుల్లేని చొక్కా అది. గుడ్డది. ఆ పొద్దున మిగతావాళ్లు వెళ్లిపోయాక, ట్రక్కు పక్కన కియోహారు దాన్ని చేతిలో పట్టుకుని సుగాయెను అడిగాడు.

"పైనా, లోపలా?"

"లోపలే వేసుకో. నీళ్లు తాగి బరువెక్కుతుంది, తర్వాత ఆరేసుకోలేక చావాలి. నువ్వెక్కడ కూర్చునేదీ తోకుజి అన్నకి తెలీదా ఏంటి?"

అతను కోటు విప్పి, చొక్కా తొడుక్కుని, మళ్లీ కోటు వేసుకుని మెడ దాకా బిగించాడు.

తొమ్మిది దాటాక కుక్కలు పందిని లేపాయి. మగది, మనిషికి నడుము దాకా వస్తుంది. మొదటి కుక్క పొట్టను ఒక్క విసురులో చీల్చి, రెండోదాన్ని బండకు అదిమింది. రెండోది హయా, కియోహారు చేత్తో పాలు పట్టి పెంచిన కుక్క. దాని కేక కొండంతా వినిపించింది. వేట ముగిసిందని వాకీటాకీలో చెప్పే దాకా కాపు కాసేవాళ్లు కూర్చున్న చోటు నుంచి కదలరాదు. కియోహారు కదిలాడు.

ఆ సంగతి కింద ఉన్న సుగాయెకు తెలియదు. ఆమె బండ దగ్గరికి చేరేసరికి పంది కోర హయా తొడలో దిగి ఉంది. తుపాకీ పేలిస్తే కుక్కకే తగులుతుంది. ఆమె వెనక నుంచి పంది మీద పడి, చెవి ఒడిసి పట్టుకుని, ముంగాలి వెనక కత్తిని పిడి దాకా దించింది. పంది ఆమెను రాళ్ల మీదుగా ఈడ్చింది. ఆమె వదల్లేదు. కత్తిని లోపలే తిప్పింది. మోచేతుల దాకా వేడి నెత్తురు. అప్పుడే పైన తుపాకీ పేలింది. రెండో పంది కాబోలనుకున్నది. కాసేపటికి పంది ఆమె కాళ్ల మీద కూలింది.

"పడింది!" అని వాకీటాకీలో అరిచింది. "మీరూ కొట్టారా? దిగి రండి, దీన్ని చూద్దురుగాని!"

తర్వాత పై నుంచి తోకుజి గొంతు వినిపించింది. అందులో మాట లేదు. వట్టి అరుపు.

కియోహారు బండకు ముప్పై అడుగుల ఎగువన, ఫెర్న్ మొక్కల్లో బోర్లా పడి ఉన్నాడు. గుండు భుజం కింద దూరి, మెడ చీల్చుకుని బయటికి వచ్చింది. తోకుజి పక్కనే మోకాళ్ల మీద ఉండి నుదురు రాతికేసి కొట్టుకుంటున్నాడు. "నల్లగా... వంగి... కుక్క అరుపు వైపు పోతా ఉంది. పంది అనుకున్నా. పంది అనుకున్నా." సుగాయె భర్తను వెల్లకిలా తిప్పింది. మంచి కోటు. నెత్తురు గుడ్డలో ఇంకలేదు, పూసలు పూసలుగా జారిపోయింది. జిప్పు లాగింది. గాయం లేని మేర నారింజ చొక్కా పొడిగా ఉంది.

"చొక్కా లోపల ఎందుకు వేసుకున్నారు?" అని పోలీసులు అడిగారు.

"తెలియదు," అన్నది సుగాయె.

తోకుజి మాత్రం, పోల్చుకోకుండా కాల్చాను, తప్పు నాదే అని రాయించి తుపాకీ అప్పగించాడు.

అక్కడి ఆచారం ప్రకారం నలభై తొమ్మిదో రోజు చేసే కర్మ ముగిసే దాకా జట్టు కొండెక్కలేదు. కర్మ జరిగిన మధ్యాహ్నం సుగాయె, మరిది ఎయ్‌జోతో కలిసి, పందుల్ని కోసే షెడ్డు నుంచి భర్త కత్తులు తెచ్చుకోవడానికి వెళ్లింది. ఆమె వచ్చిందని తెలిసి తోకుజి వచ్చాడు. వానలో, గుమ్మం ముందు సిమెంటు మీద, నుదురు నేలకానించి వంగాడు.

ఎయ్‌జో అతని మొహం మీద తన్నాడు.

"లే. లేచి చూడు. నేను మనిషిలా ఉన్నానా, పందిలా ఉన్నానా?"

తోకుజి లేవలేదు. ఎయ్‌జో ఎముకలు కొట్టే సుత్తి అందుకుని, నేల మీద పరిచి ఉన్న అతని కుడి చేతి మీద కొట్టాడు. వేళ్లు విరిగిన చప్పుడు వినిపించింది.

"చొక్కా లోపల దాచుకున్నాడంట! మా అన్న అంత తిక్కలోడా? ఎవడి చెవిలో పువ్వు పెడతావురా?"

"వాణ్ణేమీ అనొద్దు. నేను చూడలేదు. అంతే," అన్నాడు తోకుజి.

సుత్తి మళ్లీ లేచింది. ఈసారి తల మీదికి. సుగాయె ఎయ్‌జో మణికట్టు పట్టుకుని వెనక్కి విరిచింది.

"నువ్వెందుకు ఆపుతావు వదినా? నీకు కడుపు మండదా?"

ఆమె నోరు తెరిచింది. తోకుజి కూడా నెత్తురు నిండిన నోటితో తలెత్తి చూశాడు.

"చచ్చిపోతాడు," అన్నది. సుత్తి లాక్కుని మూలకు విసిరింది.

తోకుజిని ఆమే ట్రక్కులో ఆసుపత్రికి తీసుకెళ్లింది. అతను తువ్వాలు చుట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"కోటు మంచిదమ్మా," అన్నాడు ఆసుపత్రి దగ్గర పడుతుండగా. "వాడు నా ఎదురుగానే నడిచాడు. ఒక్క చప్పుడు వినిపించలేదు."

ఆమె రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు. ఆసుపత్రి ముందు అతన్ని దింపి, డాక్టరుతో మెట్ల మీద జారి పడ్డాడని చెప్పింది. అతను కాదనలేదు.

వచ్చే నెల కోర్టులో తోకుజి మళ్లీ తప్పు నాదే అనే చెబుతాడు. చొక్కా లోపల వేసుకోమన్నది తానేనని సుగాయె అతనికి ఇంకా చెప్పలేదు.