నీళ్లదారం

మా ఆయన్ని అందరూ మాస్టారంటారు. బడి మాస్టారు కాదు, టైలర్ మాస్టారు. ఆయన కుడతారు, నేను కాజాలు తీసి ఇస్త్రీ చేస్తాను. ముప్ఫై ఏళ్లుగా మా ఒక్క గది కొట్లో ఆయన వీపు నాకు, నా వీపు ఆయనకు. అయినా ఏం కుడుతున్నారో తిరిగి చూడకుండా చెప్పగలను. ముందుపళ్ల సందులోంచి ఈల వేస్తూ కుడతారు మరి. చొక్కా పక్కకుట్లకు హుషారైన ఈల, కాలరుకు నెమ్మది ఈల, కొలత తప్పితే నిశ్శబ్దం.

మొన్నామధ్య ఆ నిశ్శబ్దం పది రోజులు సాగింది. అన్ని కొలతలు ఎలా తప్పాయా అనుకున్నాను. తీరా చూస్తే ముందుపన్ను చిగురు వాచి ఉంది. గాలి తగిలితే జివ్వుమంటోందట. ఆ ముక్క చెప్పడానికి పది రోజులు పట్టింది మహానుభావుడికి. చెవి పట్టుకున్నంత పని చేసి పళ్ల డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాను.

ఆవిడ మూడు నెలల క్రితమే, పళ్ల సందులు శుభ్రం చేసుకోమని పుదీనా వాసన వేసే ఫ్లాస్ దారం డబ్బాలు నాలుగు ఇచ్చింది. దారం పట్టడం నాకు నేర్పాలా అని అప్పుడు ఈయన మీసం దువ్వారు. ఇప్పుడు రోజూ వాడుతున్నారా అని అడిగితే, ఒక్క పూట కూడా మానలేదన్నారు. ఆవిడ నోట్లోకి లైటు వేసి చూసింది. నమ్మలేక మళ్లీ చూసింది. తర్వాత, ఈయన కిందటి వారమే గుండీలు మార్చి ఇచ్చిన తన తెల్లకోటు వైపు చూసుకుంది.

“మాస్టారూ, నా కోటు గుండీల దగ్గర పుదీనా వాసన ఎందుకొస్తోంది?”

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఫ్లాస్ దారం తెగదు, చిక్కుపడదు, గుండీలకు దాన్ని మించింది లేదని ఈయన కనిపెట్టారు. అంత మంచి దారాన్ని పళ్లకు తగలేయడానికి మనసొప్పక, వచ్చినవాళ్లందరి కోట్లకూ గుండీలు కుట్టేశారు. పళ్లకు మాత్రం కొట్లోని గుండీల దారం. అదీ గుండీ బిగించినట్టే, ఒక్క గుంజు. చిగురు తెగక ఏమవుతుంది?

డాక్టరమ్మ నవ్వలేదు. నెల రోజుల్లో రక్తం ఆగి చిగురు గట్టిపడకపోతే ఆ పన్ను తీసేయాల్సి వస్తుందంది. సూది పట్టి పట్టి వేళ్లు బిగుసుకుపోయిన మనిషికి దారం కన్నా నీళ్లు మేలని, సన్నటి ధారతో పళ్ల సందులు కడిగే ఎలక్ట్రిక్ ఫ్లాసర్ వాడి చూడమంది. దారి పొడుగునా నాకు ఒకటే బెంగ. పన్ను పోతే ఈల పోతుంది. కట్టుడు పన్నుతో ఈల వస్తుందో రాదో ఎవరిని అడగను?

ఆయన మాత్రం మొండికేశారు. దారాన్ని నమ్ముకుని బతికినవాడు పళ్లకు మోటారు పెట్టుకుంటే నలుగురూ నవ్వుతారట.

“కుట్టుమిషనుకు మోటారు పెట్టించిన రోజు కూడా ఇదే అన్నారు. ఇప్పుడు దాన్ని నన్ను ముట్టుకోనివ్వరు” అన్నాను.

సాయంత్రమే ఫ్లాసర్ కొనుక్కొచ్చాను.

చేతిలో ఇమిడే పిడి, దానికో చిన్న నీళ్ల తొట్టి, పైన సూదిలాంటి గొట్టం. ఆ సూది మొన చూసి ఆయన కాస్త మెత్తబడ్డారు. మెత్తబడ్డవారు కాగితం చదవాలి కదా, చదవలేదు. నోట్లో పెట్టుకోకముందే బటను నొక్కారు. అద్దం తడిసింది, గోడ తడిసింది, ఆరిన తువ్వాళ్లు మళ్లీ తడిశాయి. రెండోసారి గొట్టం నోట్లోనే పెట్టుకున్నారు గానీ, నోరు నిండేసరికి పాత అలవాటు పైకొచ్చింది. మాకు ఆవిరి ఇస్త్రీ పెట్టె లేని రోజుల్లో నోటినిండా నీళ్లు పట్టి బట్టల మీద బుస్సుమని తుంపర చల్లింది ఆయనే. ఈసారి ఎదురుగా బట్ట లేదు, నేనున్నాను.

“తడిపారుగా, ఇక ఇస్త్రీ కూడా చేసేయండి” అన్నాను మొహం తుడుచుకుంటూ.

ఆయన సింకు అంచు పట్టుకుని నవ్వారు. ఇన్నాళ్లకు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వారు. చిగురు ఎర్రగా కనబడుతున్నా నా కంటికి అందంగానే ఉన్నారు.

తర్వాత పనిని పనిలా నేర్చుకున్నారు. సింకు మీదికి వంగి, గొట్టం నోట్లో పెట్టి, పెదాలు సగం మూసి, అప్పుడు బటను. అంచు మడత కుట్టే స్పీడులో పోనివ్వాలని నాకే పాఠం చెప్పడం మొదలుపెట్టారు, నేనేదో అడిగినట్టు. రక్తం కనిపించిన రోజు అద్దం మూల సుద్దతో గీత గీసేవారు. మొదటి వారం గీత పడని రోజు లేదు. మూడో వారం ఒక్కటే పడింది. ఆ తర్వాత సుద్దముక్క తిరిగి కొట్టుకు వెళ్లిపోయింది.

నెల తిరిగాక డాక్టరమ్మ పన్ను కదిపి చూసి, చిగురు నొక్కి చూసి, “ఈ పన్ను ఎక్కడికీ పోదు మాస్టారూ” అంది. అయితే గుండీలకు ఇంకో నాలుగు డబ్బాలు అని ఈయన నోరు తెరవబోతే నేను కాలు తొక్కాను.

అటునుంచి అటే వచ్చి కొట్టు తెరిచాం. ఆయన మిషను ముందు, నేను ఇస్త్రీ బల్ల ముందు. మిషను నడుస్తోంది గానీ ఈల లేదు. పన్ను దక్కినా అలవాటు పోయిందేమోనని గుబులు పుట్టింది. ఆయన జేబురుమాలు పరిచి పెట్టె ఆనించాను. అప్పుడు వినిపించింది. ముందు ఉత్త గాలి, తర్వాత పాట. నెమ్మది ఈల. కాలరు కుడుతున్నారు.

తిరిగి చూస్తే ఆపేస్తారని తిరగలేదు. సంతోషానికి కళ్లు నిండిపోయాయి. మాడు వాసన గుప్పుమనేదాకా పెట్టె ఎత్తాలన్న ధ్యాసే లేదు. ఈల ఆగింది.

“ఏమిటా వాసన?” అన్నారు వెనక నుంచి.

“మీ రుమాలు కాలింది. కాలితే కాలింది గానీ, మీరు ఆపకండి.”