ఎద్దు కొమ్ముల అచ్చు

మా కంపెనీ కార్లు నేలకు జానెడు ఎత్తులో ఉంటాయి. ఇద్దరే పడతారు. ఎక్కడమంటూ ఉండదు, దిగబడటమే. యాభై ఏళ్లుగా అదే కారు చేశాం. ఇప్పుడు ఏడుగురు పట్టే ఎస్‌యూవీ చేస్తున్నారు. దానికోసం కట్టిన కొత్త షెడ్డు గుమ్మం మా గుమ్మానికి రెండింతలు. మా ఇంజన్ గదిలో ఆ బండిని దున్న అంటాం.

దున్న మీద నాకు కోపం లేదు. పిల్లలున్నవాడికి పెద్ద బండి కావాలి. కోపం వేరే.

మా గదిలో పదకొండు మందిమి. ఒక ఇంజన్‌ని మొదటి బోల్టు నుంచి చివరి బోల్టు దాకా ఒక్కడే బిగిస్తాడు. అయ్యాక అడుగున, ఎవరికీ కనపడని చోట తన అచ్చు కొడతాడు. అచ్చంటే వేలెడు ఉక్కు కడ్డీ, కొసన గుర్తు. నాది ఎద్దు కొమ్ములు. పల్లె నుంచి వచ్చానని మా మేస్త్రి వెక్కిరింపుగా చేయించి ఇచ్చాడు. ఇరవై ఆరేళ్లలో అదే నా పరువైంది.

నియమం ఒకటే. నువ్వు బిగించనిదానికి నీ అచ్చు కొట్టకూడదు. పని నేర్చుకునే రోజుల్లో నేను ఒకసారి తప్పాను. పక్క బల్లవాడు జ్వరంతో ఇంటికి పోతే, మిగిలిన మూడు బోల్టులు నేను బిగించి నా కొమ్ములు కొట్టేశాను. మేస్త్రి తిట్టలేదు. ఆకురాయి చేతికిచ్చి, "అరగదియ్యి" అన్నాడు. అందరి ముందూ వంగి, గుర్తు పోయేదాకా అరగదీశాను. ఆ పొడి వారం పాటు గోళ్లలో ఉంది.

మంగళవారం పొద్దున బావ వచ్చాడు. అక్క మొగుడు. అమ్మకాల విభాగానికి పెద్ద. చొక్కాకి నూనె అంటకుండా బల్లల మధ్య బురదలో కొంగలా నడిచాడు. వెనక తోపుడు బండి మీద మూడు చెక్కపెట్టెలు. వేరే కంపెనీ దగ్గర కొన్న ఇంజన్లు. దున్నకి పెట్టేవి అవే.

"బామ్మర్దీ, నీ కొమ్ములు కావాలి."

"నెత్తిన పెట్టుకుంటావా?"

రేడియో కిసుక్కున నవ్వాడు. నా పక్క బల్లవాడు. నోరు మూయడు కనుక ఆ పేరు.

"నవ్వింది చాలు. మన పాత కార్లు కొన్నవాళ్లు నేల మీద పడుకుని మరీ నీ గుర్తు వెతుక్కుంటున్నారంట. ఫొటోలు తీసి గొప్పలు పోతున్నారు. శుక్రవారం కొత్త బండి విడుదల. బానెట్ ఎత్తగానే కనపడేలా మూడింటికీ కొట్టి పెట్టు."

"ఏమని?"

"చేత్తో చేసిందని."

"ఎవరి చేత్తో?"

"ఎవరిదైతే ఏంట్రా? చెయ్యే కదా! మూడు సుత్తి దెబ్బలు. భుజం పడిపోతుందా?"

నేను పనిలోకి వంగాను. బావకి అది నచ్చలేదు. గొంతు తగ్గించాడు.

"చూడు. మీ కార్లు ఏడాదికి ఎన్ని పోతున్నాయో అందరికీ తెలుసు. ఈ దున్న పాలిస్తేనే మీరు బతికేది."

"దున్నపోతు పాలివ్వడమేంటి బావగారూ?" అన్నాడు రేడియో.

"నువ్వు నోర్ముయ్. కొట్టకపోతే నెలాఖరుకి ఈ గది మూత. పైనుంచి వచ్చిన మాట."

ఈసారి రేడియో నవ్వలేదు. పది తలలు నా వైపు తిరిగాయి. ఎవరూ ఏమీ అడగలేదు. అడిగితే బాగుండేది, కాదనేవాణ్ణి.

"ఒక్కదానికి కొడతా," అన్నాను. "మొత్తం విప్పి, మళ్లీ నా చేత్తో బిగించాక."

"విప్పితే వారంటీ పోతుందిరా!"

"నీకు వారంటీ కావాలా, అచ్చు కావాలా?"

పెట్టె పగలగొట్టి మొదలుపెట్టాను. అబద్ధమెందుకు, తప్పు దొరకాలనే వెతికాను. ఒక్క బోల్టు వదులుగా ఉన్నా, ఒక్క అంచు గరుగ్గా ఉన్నా బావ మొహాన కొట్టాలనుకున్నాను. ఏదీ దొరకలేదు. అన్ని బోల్టులూ ఒకే బిగువు. వేలు పెట్టి చూస్తే గాజులా ఉంది లోపల. ఒళ్లు ఇంకా మండింది. వెధవ ఇంజనైతే తిట్టుకోవచ్చు, మంచిదాన్ని ఏమంటాం?

మధ్యాహ్నం దాటాక నూనె తొట్టి కూడా ఊడదీసి, ఇంజన్‌ని బోర్లించి దీపం దగ్గరికి జరిపాను. లోపలి గోడ మీద గోరంత చేప.

అచ్చు. తోక ఒకవైపు లోతుగా దిగింది. యంత్రం అలా కొట్టదు. ఎడమచేతి వాటం మనిషి కొట్టింది.

స్టూలు మీద కునికిపాట్లు పడుతున్న బావని లేపాను.

"దీన్ని ఇంకెవరో చేశారు బావా."

"తెలిసిందేగా! కంపెనీ కొన్నది. కొన్నాక మనదే."

"గొడ్డుని కొంటే మనదే. మేమే ఈనామని చెప్పుకుంటామా?"

"ఆ చేప ఎవడికి కనపడుతుంది?"

"కొట్టినవాడికి తెలుసు. ఇప్పుడు నాకూ తెలుసు."

"నువ్వూ నీ చాదస్తమూ! ఇటివ్వు, నేనే కొడతా." బల్ల మీది నా అచ్చు తీసుకున్నాడు. ఇరవై ఆరేళ్లలో దాన్ని మరొక చెయ్యి తాకలేదు. మణికట్టు పట్టుకుని లాక్కున్నాను. చొక్కా చేతికి నా నూనె వేళ్లు అయిదూ పడ్డాయి.

"ఒరేయ్, ఆ పది మంది కుటుంబాలు..." అంటున్నాడు.

గట్టిపరిచిన ఉక్కుకి ఆకురాయి పట్టదు. సానచక్రం దగ్గరికి నడిచాను. రెండుసార్లు ఊపిరి పీల్చేంతలో కొమ్ములు నిప్పురవ్వలై పోయాయి. మేస్త్రి గుర్తొచ్చాడు. ఆయన ఉండి ఉంటే తిట్టేవాడు కాదు.

నున్నటి కడ్డీ తెచ్చి బావ అరచేతిలో పెట్టాను. "కొట్టుకో."

"అబ్బా! కాలిందిరా!"

"కాలుతుంది."

కింద పడేసి చెయ్యి విదిలించాడు. "మీ అక్కకి ఏం చెప్పమంటావ్?"

"జరిగింది చెప్పు. అలవాటు లేని పని, కష్టమే."

మర్నాడంతా ఆ ఇంజన్‌ని ఎలా ఉందో అలాగే బిగించి, చేపని చీకట్లో పెట్టి, పెట్టెలో దింపాను. శుక్రవారం దున్న విడుదలైంది. దాని బానెట్ ఎవరూ ఎత్తలేదని విన్నాను. నెలాఖరుకి పదకొండు రోజులున్నాయి.

రేడియో మూడు రోజులు నాతో మాట్లాడలేదు. వాడికది అన్నం మానేయడంతో సమానం. శనివారం నా చిన్న కారు ఇంజన్ పూర్తయింది. మొదటి బోల్టు నుంచి చివరిదాకా నాదే. బోర్లించాను. అలవాటుగా చెయ్యి డ్రాయరులోకి పోయి, ఖాళీగా తిరిగొచ్చింది.

రేడియో తన అచ్చు పట్టుకుని వచ్చాడు. వాడిది తేలు.

"పొగరు తీరిందా? బోడిగా ఎలా పంపుతావ్? నాది కొట్టనా?"

"నువ్వు బిగించావా?"

"లేదు."

"మరి?"

బండబూతు ఒకటి తిట్టాడు. పోయి, అచ్చు తన డ్రాయరులో వేసి, బల్ల అదిరేలా మూశాడు.