ఎవరి వెంట ఎవరు

"మా మధుకర్ పెండ్లాన్ని గుడ కెనడా తీస్కపోయిండు," అని సుమిత్రమ్మ కూతురి పెళ్లికొచ్చిన చుట్టాలతో అంటుంటే, వాళ్లకు చాయ్ అందిస్తున్న కోడలు సుకన్య ట్రే ఒరగకుండా పట్టుకుంది. "అదృష్టం జేస్కున్నవ్ బిడ్డా," అన్నారెవరో. ఆమె నవ్వి, ఖాళీ కప్పులు ఏరుకుని వంటింట్లోకి పోయింది.

నిజానికి తీసుకుపోయింది ఆమె. నిజామాబాద్‌లో బీడీలు చుట్టే తల్లి దగ్గర పెరిగి, డిగ్రీలో చేరిన ఏడే విదేశాల్లో చదవడానికి కావలసిన ఇంగ్లీషు పరీక్ష రాసి మంచి మార్కులు తెచ్చుకుంది. ఆ మార్కులు చూసే బోధన్ నుంచి ఈ సంబంధం వచ్చింది. మధుకర్ అప్పటికే ఆ పరీక్ష రాసీ రాసీ విసిగిపోయి ఉన్నాడు. అమ్మాయి స్టూడెంట్‌గా పోతే అబ్బాయి స్పౌజ్ వీసా మీద వెంట పోయి పని చేసుకోవచ్చని కన్సల్టెన్సీ అతను దారి చూపించాడు. ఏం కోర్సని మధుకర్ తండ్రి లింగం అడిగితే, సైకాలజీలో సీటు జల్దీ దొరుకుతుందన్నాడు. "ఏదైతేంది, వీసా పడాలె గని," అన్నాడు లింగం. సుకన్య చేతికి ఆ చదువు వచ్చింది అలాగే.

విన్నిపెగ్‌లో ఆమెకు తెల్లవారడమే మధుకర్ టిఫిన్ డబ్బాతో. అతను గోదాములో పనికి పోయాక మంచులో నిలబడి బస్సెక్కి యూనివర్సిటీకి, అక్కడి నుంచి కాఫీ దుకాణంలో కౌంటర్ దగ్గరికి, ఇంటికొచ్చి మళ్లీ పొయ్యి దగ్గరికి. పుస్తకం తెరిస్తే చాలు, "నీకేంది, కుర్చీల కూసొని సదువుడే గద, నా నడుము ఎట్లైందో సూడు," అనేవాడు. కొట్టే మనిషి కాదు, తిట్టే మనిషీ కాదు. ఆకలైతే అడిగేవాడు. అడగడంతో తన వంతు అయిపోయిందనుకునేవాడు. మొదట్లో ఆమెకు పాఠాలు సగం కూడా ఎక్కేవి కావు. తన ఈడు పిల్లలు తమ తల్లిదండ్రుల మీది కోపాన్ని క్లాసులో అంతమంది ముందు విప్పి చెప్పుకుంటుంటే బిత్తరపోయి చూసేది. కోపమొస్తే నువ్వేం చేస్తావని లెక్చరర్ ఒకసారి అడిగింది. "గిన్నెలు తోముతాను," అంది సుకన్య. అందరూ నవ్వారు, తనూ నవ్వింది. కానీ బస్సులో కూర్చున్నాక అమ్మ గుర్తుకొచ్చింది. కోపమొచ్చిన రోజు అమ్మ నోరు విప్పేది కాదు, చేతులు మాత్రం ఇంకా వేగంగా ఆడేవి, ఆ రోజు చాట తొందరగా నిండేది. అమ్మ పనిమంతురాలని వాడంతా మెచ్చుకునేది. అదంతా కోపమేనని ఎవరికీ తెలియదు, పక్కనే కూర్చుని ఆకులు కత్తిరించిన తనకూ తెలియదు. కిటికీ అద్దానికి తల ఆనించి ఏడ్చింది. ఇన్నాళ్లూ వీసా కోసం చదివింది, ఆ రోజు నుంచి తన కోసం చదవడం మొదలుపెట్టింది. తర్వాతి ఏడు యూనివర్సిటీ వాళ్లే ఒక వృద్ధాశ్రమానికి పంపితే, మతి తప్పిన ముసలివాళ్లతో ఎలా మాట్లాడాలో అక్కడ నేర్చుకుంది. మూడేళ్లు గడిచాయి. ఇంకొక్క ఏడు మిగిలింది.

ఆడపడుచు రుచిత పెళ్లి అని ఎండాకాలం సెలవుల్లో ఇద్దరూ బోధన్ వచ్చారు. వచ్చి చూస్తే లింగం తల్లి, అందరూ అవ్వ అని పిలిచే మనిషి, మునుపటిలా లేదు. పెళ్లి సందడికి బెదిరిపోయి మాటిమాటికీ గేటు దగ్గరికి పోయేది. షుగర్ ఫ్యాక్టరీ ఎప్పుడో మూతబడింది, అందులో పనిచేసిన ఆమె పెనిమిటి అంతకు ముందే పోయాడు. అవ్వకు మాత్రం ఇంకా సైరన్ వినబడుతూనే ఉంది.

"డూటీ దిగే యాళ్లాయె. ఇంకా రాలేదేంది మనిషి?"

"సచ్చిపోయి యేండ్లాయె గద అత్తా, ఎన్నిసార్లు జెప్పాలె నీకు!" అనేది సుమిత్రమ్మ. ఆ కబురు అప్పుడే విన్నట్టు అవ్వ గొల్లుమనేది. ఏడ్చి, మరిచిపోయి, మళ్లీ గేటు పట్టుకునేది.

సుకన్య పోయి ఆమె పక్కన నిలబడింది. "తాతకు ఏం కూర ఇష్టమవ్వా?"

అవ్వ ముఖం విప్పారింది. "కూరెందుకే, పచ్చిపులుసుంటె సాలు. ఉల్లిగడ్డ సన్నగ తరగాలె, లేకుంటె ముట్టడు." చెబుతూ చెబుతూ సుకన్య చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న సుమిత్రమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆమె కళ్ల కింద చారలు సుకన్య అప్పుడే చూసింది. ఇన్నాళ్లూ అవ్వ స్నానాలూ బట్టలూ చాలామటుకు ఆమె మీదే పడ్డాయి. ఇక రుచిత చేతిసాయం కూడా ఉండదు.

పెళ్లైపోయి, తిరుగు ప్రయాణం దగ్గర పడ్డాక లింగం కోడలిని ముందుగదిలోకి పిలిచాడు.

"బిడ్డా, ఈ యేడు నువ్వు ఈడ్నే ఉండు. అవ్వ నీ మాటైతెనే ఇంటున్నది. మధు పోయి పని జేస్కుంటడు."

"మనుషుల మనసు సదివినవంటివి," అంది సుమిత్రమ్మ. "ఇంట్ల మనిషికి అక్కరకు రాకుంటె ఇగ ఆ సదువెందుకు?"

మధుకర్ ఫోన్ మీది నుంచి తలెత్తలేదు. "ఒక్క యేడే గద సుకన్యా. సదువు యాడికి పోతది?"

ఉండలేనని చెప్పడం సుకన్యకు సులువుగా లేదు. అవ్వంటే ఆమెకు నిజంగానే ప్రేమ. తల దువ్వుతుంటే ఆ ముసలిది కళ్లు మూసుకునే తీరు చూసి, ఉండిపోదామా అని తనకు తనే అనుకుంది కూడా. వీళ్లు ప్రేమ ఉన్నచోటే అడుగుతున్నారు, లేనిచోట ఎవరూ అడగరు. మరి మధుకర్‌కు ప్రేమ లేదా? అతన్ని ఎత్తుకుని పెంచింది అవ్వే. ఆ ఇంట్లో ఎవరూ అతన్ని ఉండమని అడగలేదు. అంతకన్నా వింత, అతన్ని అడగవచ్చని ఇంత చదివిన తనకు కూడా ఆ క్షణం దాకా తోచలేదు.

"మామయ్యా," అంది, "నేను సదువు ఆపితె మధు వీసా గుడ ఆగుతది. ఆయన పోయింది నా వెంట."

లింగం కొడుకు వైపు చూశాడు. "నిజమేనారా?"

"ఇప్పటిదైతె కొన్ని నెలలు నడుస్తది బాపూ..."

"అటెన్క?"

మధుకర్ ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. సుమిత్రమ్మే తేరుకుని, "అయితె ఇద్దరు పోండ్రి," అంది. "నేనున్న గద. ఎప్పటి లెక్కనే సూస్కుంట."

గెలిచినట్టే. సూట్‌కేసు సర్దుకుంటే చాలు. సుకన్య అత్త ముఖం చూసింది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతు అరిగిపోయిన గుడ్డలా ఉంది.

"లేదత్తమ్మా. మధు ఉంటడు."

"నేనా?" మధుకర్ లేచి నిలబడ్డాడు. "నాకేమొస్తది అవ్వకు జేసుడు?"

"నాకు గుడ పుట్టంగనే రాలే. నేర్సుకున్న. నేను సదువుకుంట ఉంటె నీ వీసా యాడికి పోదు. నా సదువు అయిపోయినంక ఎవరెక్కడ ఉండాలె అనేది అప్పుడు ఇద్దరం మాట్లాడుకుందం."

అతను కోపగించాడు, బతిమాలాడు, గోదాములో పని పోతుందన్నాడు. అవ్వ ఆ అరుపులకు లేచొచ్చి "ఎవల్రా అది?" అని అతన్ని అడిగేసరికి గొంతు తగ్గించాడు. అతను మెత్తబడ్డాడో, ఇంకేం అనాలో తోచలేదో సుకన్యకు తెలియదు. టికెట్ మాత్రం వెనక్కి ఇచ్చాడు. ఆమె బయల్దేరే రోజు సుమిత్రమ్మ మామిడికాయ తొక్కు డబ్బా బట్టల మధ్య పెట్టి, "నేనొచ్చినప్పటి సంది ఈ ఇంట్ల ఎవ్వలు గామాట అనలే," అంది. మెచ్చుకుందో తప్పు పట్టిందో అర్థం కాలేదు. తొక్కు మాత్రం దండిగా పెట్టింది.

విన్నిపెగ్‌లో సుకన్య ఒక క్లాస్‌మేట్‌తో కలిసి గది తీసుకుంది. చలి మొదలైన రోజుల్లో, క్లాసులోకి పోబోతుంటే మధుకర్ ఫోన్ చేశాడు.

"అవ్వ అన్నం ముడ్తలేదు సుకన్యా. ముంగట పెట్టినా అట్లనే సూస్తున్నది."

"నువ్వు గుడ పెట్టుకొని పక్కన కూసో. నువ్వు తింటుంటె సూసి తింటది."

"గట్లైతె గంట పడ్తది."

"పడ్తది. అత్తమ్మ ఏది?"

"రుచితోల్లింటికి పోయింది. కొన్ని దినాలుండి వస్తనన్నది."

సుమిత్రమ్మ చేతిలో సంచీతో బస్టాండులో నిలబడి ఉన్నట్టు ఊహించుకుని సుకన్యకు నవ్వొచ్చింది. అటువైపు ప్లేటు చప్పుడు, అవ్వను బుజ్జగిస్తున్న మధుకర్ గొంతు. మళ్లీ ఫోన్‌లోకి వచ్చాడు. అలసిపోయి ఉన్నాడు.

"రోజూ గిట్లనేనా సుకన్యా? పొద్దంత ఏం జేసిన్నో యాదికి గుడ వస్తలేదు. పని అయితనే ఉన్నది, అయిపోయినట్టు అనిపిస్తలేదు."

ఆ మాట అతని నోట వినడానికి ఇన్నేళ్లు పట్టింది. సుకన్యకు జాలేసింది. ఆ జాలి తనను వెనక్కి లాగకపోవడం కూడా గమనించింది.

"అన్నం సల్లారుతది మధూ, తినండ్రి," అంది. "నాకు క్లాసున్నది."