కారణం రాయవలసిన గడి

నూట పదకొండో పేరు దగ్గర పీర్ మహమ్మద్ టీ గ్లాసు కింద పెట్టాడు. తెర మీద జాబితా ఇంకా కిందికి సాగుతూనే ఉంది. ఒక్కో పేరు చదవడం, అది అక్కర్లేదని ఒప్పుకుంటూ పక్క గడిలో టిక్కు పెట్టడం. పొద్దున తొమ్మిదిన్నర నుంచి ఇదే పని. బట్టతల, మోచేతుల దగ్గర పలచబడిన చొక్కా, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు. అనంతపురంలో ఎరువుల అంగడి పైనున్న ఆ ఆఫీసులో ఆయన పేరు కన్నా ఫ్యాను కిందున్న ఆయన కుర్చీయే ఎక్కువమందికి తెలుసు.

తొమ్మిదేళ్ళుగా ఆయన పని మూట కట్టడం. ఒక ప్రోగ్రాం ఏ మిషను మీదికి పోయినా నడవాలంటే దానికి కావలసిన సరంజామా వెంట ఉండాలి. అదంతా సర్దిన చిన్న పెట్టెను కంటైనర్ అంటారు. ఏది కావాలో, ఏది వద్దో పీర్ మహమ్మద్ ఒక్కొక్కటే చూసి చేత్తో రాసేవాడు. మూడు రోజుల ప్రయాణానికి ముప్పై చీరలు సర్దే తీరు ఆయనకు గిట్టదు. "కారణం లేని ఫైలు మోస్తే మిషనుకు నడుం నొప్పి," అని కొత్తవాళ్ళకు చెప్పేవాడు. ఆయన కట్టిన పెట్టెలు తేలిగ్గా ఉండేవి. పెట్టె తేలికైనందుకు ఎవరూ శాలువా కప్పరు.

ఈ ఏడు ఆ పని చేసే సాఫ్ట్‌వేర్ వచ్చింది. ప్రోగ్రాం నడుస్తుంటే అది పక్కనుంచి చూస్తుంది. ముట్టుకున్న ఫైలును లోపల పెడుతుంది, ముట్టుకోనిదాన్ని వదిలేసి ఈ జాబితాలో చేరుస్తుంది, పెట్టె తనే కట్టేస్తుంది. రైతులకు ఫోన్ చేసి వాన కబురు చెప్పే ప్రోగ్రాంను అది నలభై రోజులు చూసింది. ఆ నలభై రోజుల్లో జిల్లాలో చినుకు పడలేదు. వానతో పని లేదని అది తేల్చింది. దాని తప్పేమీ లేదు. ఇక్కడ పుట్టినవాళ్ళే చాలామంది అలా తేల్చుకుని ఊళ్ళు విడిచారు. తనను నలభై రోజులు చూస్తే ఏ గడిలో టిక్కు పడుతుందో పీర్ మహమ్మద్ ఆలోచించలేదు. కొన్ని ఆలోచించకపోవడమే ఆరోగ్యం.

ఆయన పైఅధికారి హేమకు ఆయన కూతురయ్యే వయసు. ఉద్యోగంలో చేరి ఏడాదయింది. వాన కబురును ఆమె మళ్ళీ లోపల పెట్టించింది, ఇకమీద దాన్ని మిషను గొంతే చదువుతుంది. అందుకని నూట పన్నెండో పేరు నిజంగానే అక్కర్లేదు. 'వాన' అనే ఆడియో ఫైలు.

అది హబీబా గొంతు.

ఆరేళ్ళ కిందట ఆఫీసుకు ఆడగొంతు కావలసి వచ్చింది. ఎవరూ దొరక్క పీర్ మహమ్మద్ తన భార్యను వంటింట్లో నిలబెట్టి ఫోన్‌లో చెప్పించాడు. "వానొస్తాండాది. పెరికిన చెనక్కాయ తడుస్తాది, పట్టలు కప్పుకోండప్పా." సరిగ్గా అప్పుడే వెనకాల కుక్కరు విజిల్ వేసింది. మళ్ళీ చెప్పమంటే, "పప్పు మాడితే నీ రైతులొచ్చి తింటారా?" అంది హబీబా. ఆ విజిల్‌తోనే ఆమె గొంతు నాలుగు మండలాలు తిరిగింది.

మూడేళ్ళ కిందట, కిడ్నీలు పాడై, హబీబా చనిపోయింది. మబ్బు పట్టినప్పుడల్లా రైతులకు మాత్రం ఫోన్ చేస్తూనే ఉంది. ఆమె పోయిన నెల రోజులకు పీర్ మహమ్మద్ రైతుల పట్టికలో తన నంబరు కూడా చేర్చుకున్నాడు. ముదిగుబ్బ, చెనక్కాయ, రెండెకరాలు. కుండీలో కరివేపాకు తప్ప ఆయనకు వేరే సేద్యం లేదు. ఏడాదికి ఏడెనిమిది సార్లు ఆమె ఫోన్ వచ్చేది. "సరే, కప్పుతాలే," అనేవాడు. అదే గొంతు ఆయన ఫోన్‌లో కాపీగా ఉంది, ఒక్కసారీ తెరవలేదు. తను నొక్కితే పలికేది రికార్డు. తనంతట తాను ఫోన్ చేస్తేనే హబీబా.

ఫైలు పేరు పక్కన రెండు గడులున్నాయి: తీసేయవచ్చు, ఉంచాలి. ఉంచాలంటే మూడో గడిలో కారణం రాయాలి. 'రైతులు ఈ గొంతుకు అలవాటుపడ్డారు' అని రాశాడు. అబద్ధం కాదు గానీ నిజమూ కాదు. చెరిపేశాడు. 'నా భార్య' అని రాసి ఆగాడు.

"అన్నా, నాలుగ్గంటలకు పాత మిషను ఆపేస్తాండాం. అయిపోయినాయా?" హేమ వెనక నిలబడి ఉంది.

ఆయన రెండు మాటలూ చెరిపేశాడు. "ఇంగా వంద ఉండాయమ్మా."

"పట్టిక చూస్తాంటే ఒకటి కనపడె. ముదిగుబ్బలో రెండెకరాల రైతు, నీ పేరే, నీ నంబరే! మాకు చెప్పనే లేదే? కాయ పెరికితే ఒక సంచన్నా తెచ్చేది లేదా?"

పక్క బల్ల దగ్గరి నరేంద్ర అందుకున్నాడు. "ఇంగ పీర్ రెడ్డీ అని పిలవాల్లప్పా!"

అందరూ నవ్వారు. పీర్ మహమ్మద్ కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు.

"ఊరికే పరీక్షకు పెట్టుకున్న్యాలే."

"ఈ వాన ఫైలేందన్నా? కుక్కర్ విజిలుండాది దాంట్లో. మిషను గొంతు ఎంత నీటుగా ఉండాది!"

"అవునమ్మా," అన్నాడు. తీసేయవచ్చు అన్న గడిలో టిక్కు పెట్టాడు. తర్వాత నూట పదమూడో పేరు చదివాడు.

ఇన్నాళ్ళూ రైతులకు ఫోన్ చేసిన పాత మిషనును నాలుగు గంటలకు ఆపేశారు. దాని లోపలి ఫ్యాను సన్నగా మూలిగి, నెమ్మదించి, ఆగిపోయింది. ఎవరూ లేచి నిలబడలేదు. నరేంద్ర మురుకుల పొట్లం విప్పుతున్నాడు.

ఆరింటికి ఇల్లు చేరేసరికి ముదిగుబ్బ వైపు ఆకాశం నల్లబడింది. చెప్పులు విడుస్తుండగానే ఫోన్ మోగింది. వాన కబురు వచ్చే ఆ నంబరే. పీర్ మహమ్మద్ చెయ్యి తుడుచుకుని ఎత్తాడు.

"గౌరవనీయులైన రైతు సోదరులకు నమస్కారం. మీ ప్రాంతంలో వర్షం కురిసే అవకాశం ఉంది."

ప్రతి అక్షరమూ కడిగినట్టుంది. ఆయన చివరిదాకా విన్నాడు. సరే, అనబోయి ఫోన్ పెట్టేశాడు.

ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి వెంకటప్ప, నిజంగానే ముదిగుబ్బ రైతు. ఫోన్ రాకపోతే ఫిర్యాదు చేయడానికి పీర్ మహమ్మద్ నంబరు దాచుకున్నవాడు.

"ఏం సార్, ఎవరో కొత్తామె మాట్లాడతాండాది? మా అక్క యాడ?"

పీర్ మహమ్మద్ రెండో చెప్పు కూడా విడిచాడు.

"ఆయమ్మను మాన్పించినారా ఏం?"

"లేదప్పా. పోయింది."

"యాడికి?"

"చనిపోయింది వెంకటప్పా."

అవతల గాలి హోరు వినిపించింది. "అయ్యో... ఎప్పుడు సార్?"

"ఈ పొద్దే. నాలుగ్గంటలకు."

వెంకటప్ప గొంతు తగ్గించి, "మట్టి చేసేదెప్పుడు సార్? బస్సుకొస్తా," అన్నాడు.

"వద్దులే. వానొస్తాండాది. కాయ తడుస్తాది, పట్టలు కప్పుకోప్పా."

ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్ళాడు. లైటు వేశాడు. గట్టు మీది అలమర తలుపు తెరిచాడు. తలుపు లోపలి వైపు, ఆరేళ్ళ కిందటి క్యాలెండరు కాగితం ఒకటి అన్నం మెతుకులతో అంటించి ఉంది. ఉర్దూ బడిలో చదివిన హబీబా ఆ రోజు ఫోన్‌లో చెప్పాల్సిన తెలుగు మాటలను ఉర్దూ అక్షరాల్లో రాసుకుంది. తెలుగు బడిలో చదివిన ఆయనకు అవి కూడబలుక్కున్నా సరిగా రావు. పసుపు మరకలతో మూడు వరుసలు, వాటి మధ్య ఆమె ఎక్కడెక్కడ ఊపిరి తీసుకోవాలో గుర్తుగా పెట్టుకున్న చిన్న చిన్న పెన్సిలు గీతలు.