పోయిన లంగరు

కళ్లజోళ్ల దుకాణం నడుపుకునే అతనికి ఎవరినీ అనుమానించే అలవాటు లేదు. ఆ లంగరు పోయాకే మొదలైంది.

గోరంత ప్లాస్టిక్ లంగరు అది. ఇంట్లో వెనక గది బల్ల మీద అతను యుద్ధనౌక నమూనా కడుతున్నాడు. ఫిరంగులు అతికించాడు, అడుగున ఎరుపు, పైన బూడిదరంగు వేశాడు. ఓడ ముక్కుకి చెరోపక్కా వేలాడాల్సిన లంగర్లలో ఒకటి కనబడలేదు. బల్ల కింద పాకాడు, ఊడ్చిన దుమ్మునంతా కాగితం మీద పోసి గాలించాడు. లేదు.

ఆదివారం ఆ బల్ల దగ్గర కాసేపు ఒంటరిగా కూర్చున్నది బావ, అంటే అక్క మొగుడు. బావ కూడా తన ఇంట్లో అచ్చం అలాంటి ఓడే కడుతున్నాడు. పైగా తన కిట్‌లో ఒక లంగరు తక్కువొచ్చిందని పోయిన నెలంతా గొణిగాడు. అది గుర్తొచ్చేసరికి అనుమానం బావ మీదకి మళ్లింది. భార్యతో చెబితే, అంతటి మనిషి ఆ ముక్క కోసం కక్కుర్తి పడతాడా అని నవ్వింది. ఎందుకంత తేలిగ్గా నవ్విందా అని ఆమె మీదకూ అనుమానం పోయింది.

మర్నాడు దుకాణం తెరవకుండా, ఓడ కట్టేటప్పుడు వేసుకునే స్వెట్టరే తగిలించుకుని చెప్పాపెట్టకుండా అక్క ఇంటికి వెళ్లాడు. బావ స్నానానికెళ్లాడని అక్క చెప్పింది. ఇదే అదనని, జేబులోంచి భూతద్దం తీసి బావ ఓడ మీద వంగాడు. ఒక పక్క లంగరుంది. రెండో పక్క ఖాళీ. విడి ముక్కలున్న డబ్బాలో వేలు పెట్టి కెలుకుతుంటే వెనకనించి బావ గొంతు వినిపించింది.

"ఏంటి వెతుకుతున్నావు?"

అతను ఏదో నసిగేలోపు, టీ తెచ్చిన అక్క అతని మోచేతి దగ్గర ఊలుకు చిక్కుకున్నదేదో పీకి, వెలుతురుకి పెట్టి చూసింది. లంగరు.

బావ దాన్ని చూశాడు, తన ఓడ ఖాళీ ముక్కు చూశాడు, తర్వాత బావమరిదిని చూశాడు.

"అయితే కిట్‌లో తక్కువ రాలేదన్నమాట."

దొంగ తనేనని బావ అనుకుంటున్నాడు. ఆ మాట కాదనాలంటే, తను దేనికొచ్చాడో చెప్పుకోవాలి. ఆఖరికి చెప్పేశాడు. "ఇది నాదే బావా. నువ్వు తీశావేమోనని వచ్చాను."

"నమ్మమంటావా?"

"వచ్చి నా ఓడ చూడు."

బావ అప్పటికప్పుడే చొక్కా వేసుకుని వెంట వచ్చాడు. బల్ల దగ్గర వంగి, ఒంటి లంగరుతో ఉన్న ఓడను బావ చాలాసేపు చూశాడు.

"సరే, నీదే," అన్నాడు.

ఆ సరేలో పూర్తి సరే లేదు. అయినా కుర్చీ లాక్కుని, కుంచె అడిగి తీసుకుని, రంగు పడని ఓ అంచుకి ఒద్దికగా బూడిదరంగు వేసిపెట్టాడు. ఏమైందని అతని భార్య అడిగితే ఇద్దరూ ఏం లేదన్నారు.

వెళ్లేటప్పుడు బావ గుమ్మంలో ఆగి, బల్ల వైపు ఓసారి తిరిగి చూశాడు. తనను నమ్మి చూశాడో, నమ్మక చూశాడో అతనికి ఇప్పటికీ అంతుపట్టలేదు.